ఎవరిని కాపాడుతున్నారు? చిన్న వికీపీడియాల నిర్వాహకులకు బహిరంగ లేఖ



చిన్న భాషల వికీపీడియాల్లో ఒక నిర్వాహకుడి చర్యపై ప్రశ్న తలెత్తినప్పుడు మిగిలిన నిర్వాహకుల నుంచి తరచు ఒకే తీరు జవాబు వస్తుంది: ఆయన జీతం భత్యం లేకుండా ఏళ్ల తరబడి సేవ చేస్తున్న వ్యక్తి, ప్రశ్నిస్తున్నవారు నిన్నమొన్న వచ్చినవారు, ఇది సముదాయపు అంతర్గత విషయం, దీన్ని బయట చర్చిస్తే వికీకే చెడ్డపేరు. ఈ నాలుగు మాటలూ విడివిడిగా నిజమే కావచ్చు గానీ, ఆ నిర్వాహకుడు చేసిన పని సరైనదా కాదా అన్న అసలు ప్రశ్నకు వాటిలో ఏ ఒక్కటీ జవాబు కాదు. తోటివాడి తప్పును కాయడమే సముదాయాన్ని కాయడమని నమ్మే ఈ వైఖరిని అంగీకరించడానికి వీల్లేదు గనుకనే ఈ లేఖ మీ అందరినీ ఉద్దేశించి బహిరంగంగా రాయవలసి వచ్చింది.

మీ చేతిలో ఉన్న అధికారం ఏపాటిదో వికీ బయట ఉన్న పాఠకులకు తెలియకపోవచ్చు. మీలో కొందరు మరిచిపోయి ఉండవచ్చు. వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినదాన్నైనా దిద్దవచ్చు. ఒక పేజీని పూర్తిగా తొలగించడం, సంరక్షణ పేరుతో దాన్ని ఇతరులు మార్చకుండా తాళం వేయడం, నిరోధం పేరుతో ఒక వాడుకరిని ఇక రాయనీయకుండా ఆపడం మాత్రం సముదాయం నమ్మి అప్పగించిన కొద్దిమందికే సాధ్యం. ఆ కొద్దిమందినే నిర్వాహకులు అంటారు. వారు సంపాదకులు కారు, వ్యాసంలో ఏది నిజమో తేల్చే ప్రత్యేకాధికారం వారికి లేదు, వాదంలో వారి మాటకు ఇతరుల మాటకంటే ఎక్కువ బరువు లేదు అని వికీ విధానాలు చెబుతాయి. కానీ వాదంలో ఒక పక్షం ఎదుటి పక్షం నోరు మూయించగల స్థితిలో ఉన్నప్పుడు, ఇద్దరి మాటకూ సమానమైన బరువుందని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన ఏం ప్రయోజనం?

నిరోధానికి గురైన వాడుకరి పరిస్థితిని కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది. ఆయనకు సాధారణంగా మిగిలేది తన సొంత చర్చ పేజీ ఒక్కటే. ఆ పేజీలో ఆయన ఒక మూసను, అంటే ఇటువంటి అవసరాలకు ముందే తయారుచేసి ఉంచిన విజ్ఞప్తి పెట్టెను చేర్చి, తన నిరోధం ఎందుకు అన్యాయమో అందులో రాసుకుంటారు. నిరోధించిన వ్యక్తి కాక వేరొక నిర్వాహకుడు దాన్ని పరిశీలించాలి. పెద్ద వికీలో ఆ వేరొక నిర్వాహకుడికీ నిరోధించినవారికీ ముఖపరిచయమైనా ఉండకపోవచ్చు. చిన్న వికీలో ఆ వేరొక నిర్వాహకుడు, నిరోధం వేసినవారితో అదే ఉదయం వాట్సాప్ గ్రూపులో మాట్లాడిన వ్యక్తి, కిందటి సమావేశంలో పక్క కుర్చీలో కూర్చున్న వ్యక్తి, బహుశా తన నిర్వాహకత్వానికి మొదటి మద్దతు ఓటు అందుకున్నది కూడా వారి నుంచే. విజ్ఞప్తి కింద ఒక్క వాక్యం పడుతుంది: చూపిన కారణం సరిపోదు, తిరస్కరించడమైనది. వాడుకరి మళ్లీ అడిగితే చర్చ పేజీని దుర్వినియోగం చేస్తున్నారని చెప్పి అక్కడ రాసే వీలును కూడా తీసివేస్తారు. నిర్వాహకులు చేసే ప్రతి పనీ తేదీతో, సమయంతో, కారణంతో నమోదయ్యే చిట్టాలో ఇదంతా ఎవరికైనా కనిపించేలాగే ఉంటుంది. దాన్ని తెరిచి చూసేవారే ఉండరు. చూసి అడగగలిగినవారు అప్పటికే నిరోధంలో ఉంటారు.

ఈ దారి ఎక్కడికి పోతుందో క్రొయేషియన్ వికీపీడియా చరిత్ర చూపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీల అండతో క్రొయేషియాను ఏలిన ఉస్తాషా అనే ఫాసిస్టు ఉద్యమం 1941 నుంచి 1945 దాకా యసెనోవాత్స్ అనే చోట నిర్బంధ శిబిరాన్ని నడిపి, సెర్బులను, యూదులను, రోమా ప్రజలను, తన రాజకీయ ప్రత్యర్థులను అక్కడ చంపించింది. ఆ స్థలంలో నెలకొన్న స్మారక సంస్థ ఇప్పటిదాకా పేరుపేరునా గుర్తించిన మృతుల సంఖ్య 83,145. అటువంటి చోటును క్రొయేషియన్ వికీపీడియా జనాన్ని సమీకరించి పనిచేయించుకున్న శిబిరంగా పరిచయం చేసి, అక్కడ జరిగిన హత్యాకాండను తక్కువ చేసి చూపింది. ఈ వక్రీకరణను 2013 సెప్టెంబరులో పత్రికలు బయటపెట్టిన తరువాత, ఆ దేశ విద్యామంత్రి ఝెల్కో యోవనోవిచ్ తమ మాతృభాషలోని వికీపీడియాను వాడవద్దని, ఇంగ్లీషు వంటి ఇతర భాషల వికీపీడియాలను చూసుకోవాలని విద్యార్థులకు బహిరంగంగా సలహా ఇవ్వవలసి వచ్చింది. ఒక విజ్ఞాన సర్వస్వానికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

అంత జరిగినా నిర్వాహకులు చలించలేదు. వికీ ప్రాజెక్టులన్నింటికీ ఉమ్మడి చర్చావేదికగా ఉండే మెటా-వికీలో 2013లోనే ఈ విషయంపై చర్చ మొదలైంది. అక్కడి నిర్వాహకుల్లో ప్రధానుడైన వ్యక్తిపై అన్ని వికీల్లోనూ నిషేధం పడింది మాత్రం 2020లో. మధ్యలో గడిచిన ఏడేళ్లలో అక్కడి బడి పిల్లలు ఎందరు పాఠాలకు, ప్రాజెక్టులకు ఆ పేజీలను తెరిచి ఉంటారో మీరే ఊహించవచ్చు. వికీపీడియాలను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ 2021లో ప్రచురించిన పరిశీలన నివేదిక ఈ వ్యవహారాన్ని పరస్పరం అండగా నిలిచిన ఒక చిన్న బృందం మొత్తం ప్రాజెక్టును కబ్జా చేయడంగా తేల్చింది. ఎదురు చెప్పినవారిని నిరోధించడం, ఒకే మనిషి వేర్వేరు పేర్లతో నడిపే మారు ఖాతాలను ప్రయోగించడం, ఒకరి నిర్ణయానికి మరొకరు వెన్నుదన్నుగా నిలవడం ఆ కబ్జాకు సాధనాలయ్యాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. అబద్ధం రాయడానికి ఒక్క మనిషి చాలు, దాన్ని దిద్దడానికీ ఒక్క మనిషి చాలు. వికీ సూత్రమే అది. దిద్దబోయిన మనిషిని బయటికి నెట్టి, ఆ గెంటివేత సబబేనని మరో ఇద్దరు ముగ్గురు నిర్వాహకులు సంతకం పెడితే తప్ప అబద్ధం అన్నేళ్లు బతకదు. ఆ సంతకాలు పెట్టినవారందరూ ఉస్తాషా అభిమానులే అయి ఉండాలా? స్నేహం కోసం, మొహమాటం కోసం, గొడవ ఎందుకులే అన్న అలసటతో పెట్టినా ఫలితం అదే కాదా?

క్రొయేషియా పాఠకుడికి ఇంకొక వెసులుబాటైనా ఉంది. సెర్బియన్, బోస్నియన్, సెర్బో-క్రొయేషియన్ వికీపీడియాలు అతనికి పెద్దగా కష్టపడకుండా అర్థమవుతాయి; లిపి కొంత మారినా భాష దాదాపు తనదే. 2016లో వచ్చిన తుళు వికీపీడియా, 2018లో ఓల్ చికీ లిపిలో వచ్చిన సంతాలీ వికీపీడియా చదివే పాఠకుడికి అటువంటి పక్కిల్లు లేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా సంగతీ అంతే: 2011 జనగణన ప్రకారం ఒక్క భారతదేశంలోనే 8.11 కోట్ల మందికి మాతృభాష అయిన తెలుగులో, ఉచితంగా, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం అదొక్కటే. ఈ లేఖ తెలుగు వికీపీడియా నిర్వాహకులపై ఏ ఆరోపణా చేయడం లేదు. అక్కడ రచ్చబండ అని పేరుపెట్టుకున్న చర్చా పేజీ పల్లెటూరి రచ్చబండ లాగే బహిరంగంగా ఉంది, పాత చర్చలు భద్రంగా ఉన్నాయి. అయితే కోట్ల మంది చదువరులకు పట్టుమని ఇరవై మంది కూడా లేని నిర్వాహకులు కాపలా ఉన్న ఏ వికీలోనైనా, ఆ కొద్దిమంది ఒకరినొకరు ప్రశ్నించుకోగలగడం కంటే పెద్ద రక్షణ మరొకటి లేదు. కులాల చరిత్ర పేజీల్లో, సినిమా కథానాయకుల పేజీల్లో, పదవిలో ఉన్న నాయకుల పేజీల్లో ఏ మాట ఉండాలి, ఏ మాట పోవాలి అన్న పేచీ వచ్చినప్పుడు ఈ రక్షణ అవసరమెంతో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పోటీ పరీక్షలకు చదువుకునే అభ్యర్థి, మాతృభాషలో పాఠం తయారుచేసుకునే ఉపాధ్యాయుడు, ఫోనులో వెతికితే పైన కనిపించిన నాలుగు వాక్యాలతో సరిపెట్టుకునే సామాన్యుడు, వీరెవరూ పేజీ వెనుక ఉన్న చర్చను చూడరు. కృత్రిమ మేధ నమూనాలు సైతం చిన్న భాషలను నేర్చుకునేది చాలావరకు ఇటువంటి పేజీల నుంచే కాబట్టి, ఈ రోజు మీరు చూసీచూడనట్టు వదిలేసిన తప్పు రేపు మీకు తెలియని వెయ్యి చోట్ల తేలుతుంది.

మీ కష్టాన్ని ఈ లేఖ తక్కువ చేయదు. డబ్బు తీసుకుని ఎవరినో పొగుడుతూ రాసేవారిని పట్టుకోవడం, అభిమానుల దాడిని తట్టుకోవడం, అర్ధరాత్రి ఎవరో చెరిపిన పేజీని తెల్లారేసరికి నిలబెట్టడం, వీటన్నిటికీ ప్రతిఫలంగా తిట్లు తినడం మీ దినచర్య. కలిసి దెబ్బలు తిన్నవారి మధ్య ఒకరిపట్ల ఒకరికి మమకారం పెరగడం సహజం. బయటినుంచి వచ్చే ప్రతి విమర్శా మరో దాడిలాగే తోచడమూ సహజమే. ఆ మమకారం ఎక్కడ పుట్టిందో ఇది వివరిస్తుంది గానీ, దాని పేరుతో ఒక వాడుకరికి జరిగిన అన్యాయాన్ని సమర్థించదు. దాడి చేసేవాడికీ ప్రశ్న అడిగేవాడికీ తేడా తెలుసుకోవడమే మీకు అప్పగించిన పని. ఆ తేడా తెలియకపోతే నిర్వాహక పరికరాలు ఎందుకు?

తోటివాడిని కాయడం అతడికైనా మేలు చేస్తుందా అంటే అదీ లేదు. స్కాట్లాండులో మాట్లాడే స్కాట్స్ భాషకు ఒక వికీపీడియా ఉంది. అందులో ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రవాడు పన్నెండేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టి, ఇంగ్లీషు వాక్యాల్లో మాటలను నిఘంటువు చూసి మార్చుకుంటూ ఏళ్ల తరబడి 20,000కు పైగా వ్యాసాలు సృష్టించి, అక్కడే నిర్వాహకుడు కూడా అయ్యాడు. 2020 ఆగస్టులో బయటివారెవరో ఈ సంగతి వెల్లడించేసరికి స్కాట్స్ పేరుతో లోకానికి కనిపిస్తున్నదాంట్లో పెద్ద భాగం స్కాట్సే కాదని తేలింది. అందులో కుట్ర లేదు, దురుద్దేశం లేదు. చిన్న సముదాయంలో గట్టిగా కూర్చుని చదివి, బాబూ ఇది భాష కాదు, ఆపు అని ఆ పిల్లవాడికి నచ్చజెప్పే పెద్దదిక్కు లేకపోవడమే ఉంది. వెల్లడైన తరువాత లోకమంతా అతడి మీద పడి వేధించింది. మొదటి యాభై వ్యాసాల దగ్గరే ఎవరైనా మొహమాటం విడిచి ఆపి ఉంటే భాషకూ ఆ కుర్రవాడికీ మేలు జరిగేది. నిర్వాహకుల మధ్య మర్యాద అనుకుని మీరు పాటించే మౌనం తరచు ఇంతటి నిర్దయే అవుతుంది.

వ్యవస్థ ఏమీ చేయలేదా అని పాఠకులు అడగవచ్చు. వికీమీడియా నియమాలను పరిశీలిస్తే ప్రమాదం ఎక్కడుందో వాటి నిర్మాతలకు తెలియకపోలేదని అర్థమవుతుంది. ఒక ఖాతా ఏ ఐపీ చిరునామా నుంచి నడుస్తున్నదో చూసి మారు ఖాతాలను పట్టుకోగల హక్కును చెక్ యూజర్ అంటారు. ఏ వికీలోనైనా ఈ హక్కు కనీసం ఇద్దరికి ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు అన్నది నియమం. ఒకరి పనిని మరొకరు కనిపెట్టి ఉండాలన్నది దాని ఉద్దేశం. ఇంత జాగ్రత్త నిరోధించే అధికారం విషయంలో లేదు. ఇద్దరు నిర్వాహకులున్న వికీలో ఇద్దరూ ఒక్క మాట మీదే ఉంటే అడిగే దిక్కు లేదు. సొంత నియమాలు లేని వికీలకు 2013 నుంచి అమలులో ఉన్న మరో విధానం ప్రకారం, రెండేళ్లపాటు ఒక్క మార్పూ ఒక్క నిర్వాహక చర్యా చేయనివారిపై సమీక్ష జరిపి వారి హక్కులను తీసివేస్తారు. అంటే పని చేయనివారి మీద క్రమం తప్పని సమీక్ష ఉంది, తప్పుడు పని చేసినవారి మీద లేదు. ఈ ఏర్పాటులోని వింత మీలో ఎవరికీ తట్టలేదా?

అన్ని వికీల వాడుకరులూ కలిసి ఎన్నుకునే స్టీవార్డులకు ఏ వికీలోనైనా హక్కులు ఇచ్చే, తీసివేసే సాంకేతిక అధికారం ఉంది. కానీ వారు స్థానిక సముదాయపు ఏకాభిప్రాయాన్ని అమలు చేసేవారే తప్ప దాని మీద తీర్పరులు కారు. ప్రశ్నించినవారందరూ నిరోధంలో ఉన్నచోట ఏకాభిప్రాయం ఎవరిది? ఇంగ్లీషు వంటి కొన్ని వికీపీడియాల్లో వాడుకరులే ఎన్నుకున్న మధ్యవర్తిత్వ సంఘాలు నిర్వాహకుల మీద వచ్చే ఫిర్యాదులు విని, అవసరమైతే హక్కులు ఊడబెరుకుతాయి. చాలా చిన్న వికీలకు అటువంటి సంఘం లేదు, నిలబెట్టేంత జనమూ లేరు. పైనుంచి ఫౌండేషన్ నేరుగా దిగడమూ సుఖాంతం కాదని 2019లో తేలింది. ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుడొకరిని కారణాలు బయటపెట్టకుండా ఏడాదిపాటు నిషేధించినప్పుడు నిరసనగా ఇరవై మంది దాకా నిర్వాహకులు తప్పుకున్నారు; చివరికి ఆ నిషేధాన్ని అక్కడి మధ్యవర్తిత్వ సంఘమే సమీక్షించి ఎత్తివేసింది. సొంత ఇల్లు చక్కబెట్టుకునే హక్కు సముదాయానిదే అన్న మీ వాదానికి ఈ ఉదంతం బలమిస్తుంది, సందేహం లేదు. కానీ అక్కడ సమీక్షించే సంఘం ఒకటి ముందే ఉంది, నిర్వాహకుల మీదే ఎన్నోసార్లు చర్య తీసుకున్న సంఘం అది. మీ వికీలో ఏముంది? స్వయంపాలన కావాలనడం, స్వయంగా విచారించబోమనడం, బయటివారు విచారిస్తే ఇంటిగుట్టు రట్టయిందని బాధపడడం, ఈ మూడూ కలిపి ఎలా అడుగుతారు?

2021లో ఫౌండేషన్ ధర్మకర్తల మండలి అన్ని ప్రాజెక్టులకూ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. దాని అమలును చూసే సమన్వయ సంఘానికి 2024లో తొలిసారి ఎన్నికలు జరిగాయి. అధికారంలో ఉన్నవారు ఆ అధికారాన్ని ఇతరులను బెదిరించడానికి వాడడాన్ని ఆ నియమావళి స్పష్టంగా తప్పుపట్టింది. అది మంచి అడుగే. అయితే తుళులోనో సంతాలీలోనో తెలుగులోనో జరిగిన పేచీని దూరాన ఉన్న సంఘం అర్థం చేసుకోవాలంటే ఎవరో ఒకరు ఇంగ్లీషులోకి మార్చి, పేజీల వెంట పేజీలు వివరించాలి. ఆ పని నిరోధానికి గురైన ఒంటరి వాడుకరి నెత్తిన వేసి, ఫిర్యాదు రుజువు కాలేదు గనుక తప్పు జరగలేదని మీరు నిశ్చింతగా ఉండడం ఏ న్యాయం?

చేయవలసిన పనులకు ఎవరి అనుమతీ అక్కరలేదు, డబ్బూ అక్కరలేదు. మీరు పాల్గొంటున్న వాదంలో ఎదుటివారిని మీరే నిరోధించే అలవాటు మానుకోవడం మీ చేతిలోని పని. మీ సన్నిహితుడు వేసిన నిరోధంపై విజ్ఞప్తి వస్తే, తీర్పు చెప్పకుండా పక్కకు తప్పుకుని పొరుగు వికీ నిర్వాహకుడినో, నిర్వాహకులు కాని అనుభవజ్ఞులైన వాడుకరులనో పరిశీలించమని కోరవచ్చు. కన్నడ, తమిళ, తెలుగు వికీల మధ్య ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం ఎంతమాత్రం అసాధ్యం కాదు, భాష తెలిసినవారు అటూ ఇటూ ఉన్నారు. నిర్వాహకత్వం జీవితకాలపు బిరుదు కాకుండా, రెండు మూడేళ్లకోసారి సముదాయం ముందుకు వెళ్లి మళ్లీ నమ్మకం అడిగే పద్ధతి పెట్టుకోవచ్చు. వికీ చర్యలకు సంబంధించిన నిర్ణయాలు వాట్సాప్ గ్రూపుల్లో జరిపే అలవాటుకు స్వస్తి చెప్పి, ఆ మాటలు రచ్చబండలోనే మాట్లాడుకోవచ్చు. తోటి నిర్వాహకుడితో ఏకాంతంలో మీరు అన్నమాట, ఇది బాగాలేదు అన్నమాట, చర్చ పేజీలో అందరి ముందూ రాయడం వీటన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే ముందు చేయవలసినది కూడా అదే.

అందుకని ఈ లేఖ మీలో ప్రతి ఒక్కరినీ కోరేది ఇది. మీ వికీలో ప్రస్తుతం అమలులో ఉన్న శాశ్వత నిరోధాల జాబితాను ఈ వారమే తెరవండి. అందులో విధ్వంసకారులు, ప్రకటనల ఖాతాలు, మారు ఖాతాలు పోగా, ఒక నిర్వాహకుడితో విభేదించిన తరువాత నిరోధానికి గురైన పేర్లను వేరుచేయండి. ఆ పేర్లను రచ్చబండలో పెట్టి, నిరోధించినవారూ వారి మిత్రులూ కాని వాడుకరుల చేత ఒక్కొక్కదాన్నీ మళ్లీ విచారింపజేయండి.